పెద్ద కారుకు చిన్న డీజిల్ ఇంజిన్ సరిపోదా?

2010లో మెర్సిడెస్ బెంజ్ ఎస్ 250 సీడీఐని ప్రకటించినప్పుడు, అంత హోదా ఉన్న కారుకు ఇంత చిన్న ఇంజినా అని చాలామంది ఆశ్చర్యపోయారు. ఆ సంస్థ విలాసవంతమైన పెద్ద కార్ల శ్రేణి ఎస్ క్లాస్‌లో నాలుగు సిలిండర్ల ఇంజిన్ రావడం అదే మొదటిసారి. దాదాపు రెండు టన్నుల బరువున్న ఆ కారును లాగాల్సింది 2,143 సీసీ డీజిల్ ఇంజిన్. అయినా అది 204 హార్స్‌పవర్ శక్తిని, 500 న్యూటన్ మీటర్ల టార్క్‌ను (తిప్పే బలాన్ని) ఇచ్చేది. అధికారిక పరీక్షలో 100 కిలోమీటర్లకు 5.7 లీటర్ల ఇంధనం చాలింది.

శక్తి చాలదన్న భయం నా దృష్టిలో సరైనది కాదు. చదునైన రహదారిపై గంటకు 120 కిలోమీటర్ల నిలకడ వేగంతో వెళ్లే పెద్ద కారుకు గాలి నిరోధాన్నీ టైర్ల ఒరిపిడినీ తట్టుకోవడానికి సుమారు 30 హార్స్‌పవర్ ఉంటే చాలు. అంత తేలికపాటి పనికి పెద్ద ఇంజిన్‌ను తిప్పితే, తాగిన డీజిల్‌లో చెప్పుకోదగ్గ భాగం దాని లోపలి ఘర్షణకే పోతుంది. పైగా బరువైన కారును కదిలించడానికి కావలసింది తక్కువ ఆర్‌పీఎంలో (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) అందే టార్క్. గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే టర్బోలు రెండున్న ఈ ఇంజిన్‌లో అది 1,600 ఆర్‌పీఎం దగ్గరే పూర్తిగా అందేది.

అసలు తేడా చెవికి, చేతికి తెలుస్తుంది. 800 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా తిరిగే ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో సెకనుకు 40 సార్లు ఇంధనం మండితే, నాలుగు సిలిండర్లలో 27 సార్లకు మించదు. మంటకూ మంటకూ మధ్య విరామం పెరిగేకొద్దీ కుదుపు శరీరానికి తెలుస్తుంది. దీనికి తోడు, వరుసగా అమర్చిన ఆరు సిలిండర్లు ఒకదాని ఊపును మరొకటి సహజంగానే సరిచేస్తాయి; నాలుగింటికి ఆ సౌలభ్యం లేదు కనుక, ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్ట్ కన్నా రెట్టింపు వేగంతో తిరుగుతూ ఆ ఊపును తగ్గించే రెండు బ్యాలెన్స్ షాఫ్టులు పెట్టవలసి వస్తుంది. అవి చాలావరకు పని చేస్తాయి. అయినా చల్లటి ఉదయం, రాత్రంతా నిలిపి ఉంచిన కారును స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో వెనుక సీటు ఆర్మ్‌రెస్ట్‌పై చేయి ఉంచితే, ఆ సన్నని వణుకు స్పష్టంగా తెలుస్తుంది. నిశ్శబ్దం కోసమే అంత డబ్బు పెట్టిన మనిషికి అది చిన్న విషయం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

నలుగురు మనుషులతో, నిండు సామానుతో ఘాట్ రోడ్డు ఎక్కుతూ లారీని దాటవలసి వచ్చినప్పుడు మరో తేడా బయటపడుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే గేర్‌బాక్స్ రెండు గేర్లు దించుతుంది, ఇంజిన్ గొంతు పెంచుతుంది, టర్బో అందుకునేలోపు ఒక క్షణం గడుస్తుంది. ఇలాంటి దారుల్లోనే ఎక్కువగా తిరిగేవారికి, అతివేగంగా వెళ్లేవారికి చిన్న ఇంజిన్ ఇచ్చే పొదుపు కూడా తగ్గిపోతుంది, ఎందుకంటే దాన్ని ఎప్పుడూ శక్తి అంచున నడపవలసి వస్తుంది. ఊళ్లో చిన్న చిన్న దూరాలకే వాడేవారికైతే పొగ వడపోత ఫిల్టర్ శుభ్రపడేంత వేడి అందదు కనుక ఏ పరిమాణపు డీజిలూ తగదు.

ఏడాది పొడవునా హైవేపై నిలకడగా ప్రయాణించేవారు మాత్రం చిన్న ఇంజిన్‌ను నిస్సంకోచంగా ఎంచుకోవచ్చు. అయితే షోరూమ్ వారు ముందే వేడెక్కించిన కారును నడిపి నిర్ణయానికి రాకూడదు. రాత్రంతా కదలని కారును అడగాలి, స్టార్ట్ చేసేటప్పుడు వెనుక సీట్లో కూర్చోవాలి.