స్కూటరు పేరు రేషన్ కార్డులో ఎక్కించండి

పాత బండిని ఇథనాల్ అనే ఆల్కహాల్‌తో నడిచేలా మార్చడానికి ఎంతవుతుందని ఆటోనగర్‌లో వాకబు చేస్తూ తిరిగే పెద్దమనుషులను చూస్తే జాలేస్తుంది. బెజవాడలో పాత స్కూటరున్న ప్రతివాడికీ ఆ మార్పిడి ఎప్పుడో జరిగిపోయింది. కిట్టు అక్కర్లేదు, సంతకం అంతకన్నా అక్కర్లేదు. బెంజి సర్కిల్ దగ్గరో భవానీపురంలోనో బంకులోకి వెళ్లి ట్యాంకు మూత తీస్తే చాలు, ఐదో వంతు పని వాళ్లే పూర్తి చేసి పంపిస్తారు.

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడానికి మొదట పెట్టుకున్న గడువు 2030. దాన్ని 2025కి జరిపారు, సాధించారు కూడా. అనుకున్నదానికన్నా ఐదేళ్లు ముందే అయిపోయిన సర్కారీ పని మన ఊళ్లో చివరిసారి ఎవరు చూశారో చెప్పండి. కాబట్టి ముందు చప్పట్లు కొట్టి, ఆ తర్వాతే సణుక్కోవాలి.

ఈ ఇంధనాన్ని తట్టుకునే సామానుతో కొత్త బండ్లు 2023 ఏప్రిల్ నుంచి వస్తున్నాయి. అంతకుముందే పుట్టడం మన స్కూటరు చేసుకున్న పాపం. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలులోకన్నా మూడో వంతు తక్కువ. అందుకే పాత టూవీలర్లకు 3 నుంచి 4 శాతం, పాత కార్లకు 6 నుంచి 7 శాతం మైలేజీ తగ్గొచ్చని నీతి ఆయోగ్ నివేదిక 2021లోనే చెప్పింది. కలిపిన పెట్రోలు మామూలు పెట్రోలుకన్నా చవగ్గా ఉండాలని కూడా అందులోనే రాసింది. రెండింట్లో ఒకటి నిజమైంది. పాసు మార్కులకన్నా ఎక్కువే కదా!

పాత బండ్లలో కొన్నింటికి ఇరవై ముప్పై వేల కిలోమీటర్ల తర్వాత రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చనీ, అదేమంత ఖర్చు కాదనీ 2025 ఆగస్టులో కేంద్రం సెలవిచ్చింది. నిజమే, పెట్రోలు పైపు చవకే. ఆ పైపు కోసం పని మానుకుని షాపులన్నీ తిరిగే మనిషి ఇంకా చవక. పైగా ఇథనాల్‌కు నీళ్లంటే ప్రాణం, గాలిలోని తేమను కూడా వదలదు. మన ఊరి ఉక్కపోతలో నెలల తరబడి కదలని బండి ట్యాంకులో నీరు చేరి, ఇథనాల్‌ను వెంటేసుకుని అడుగుకు దిగిపోవచ్చు. కార్బొరేటర్‌కు పైపు వెళ్లేది ఆ అడుగు నుంచే. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లలో మునిగిన సింగ్ నగర్ బండ్లకు ఈ విషయంలో ముందే శిక్షణ అయింది.

ఐదో వంతుతో తృప్తి పడక, పూర్తిగా ఇథనాల్ మీదే నడుపుతామనే వీరులున్నారు. వాళ్లు కార్బొరేటర్‌లో ఇంధనం వచ్చే సన్న రంధ్రాన్ని, అంటే జెట్‌ను, పెద్దది చేయాలి, ఎందుకంటే ఇంజనుకు దాదాపు ఒకటిన్నర రెట్ల ఇంధనం కావాలి. ఆర్‌సీలో ఇంధనం పేరు మార్పించాలి. చలికి స్టార్టవదన్న బెంగ మాత్రం అక్కర్లేదు. మన దగ్గర చలికాలమంటే ఫ్యాను రెండు మీద పెట్టుకోవడమే. ఇంతా చేశాక పోయించుకోవడం ఎక్కడ? 2024 మార్చిలో ‘ఇథనాల్ 100’ పేరుతో దాదాపు అంతా ఇథనాలే ఉన్న ఇంధనం అమ్మకం మొదలుపెట్టిన ఐదు రాష్ట్రాల్లో మన పేరు లేదు, తమిళనాడు, కర్ణాటక ఉన్నాయి. ట్యాంకు నింపుకోవడానికి చెన్నై వెళ్లి, తిరిగొచ్చేసరికి ఖాళీ చేసుకోవచ్చు. బ్రెజిల్‌వాళ్లు 1975 నుంచీ ఈ పనిలోనే ఉన్నారు. అక్కడ బంకులో రెండూ దొరుకుతాయి. ఇథనాల్ ధర పెట్రోలు ధరలో 70 శాతానికి లోపుంటేనే పోయించుకుంటారు. ఎంచుకోవడం, లెక్కేసుకోవడం అనే తలనొప్పులు మనకు లేకుండా పెద్దలు కాపాడారు.

బండి మందు కొడుతోందని వేళాకోళం చేసేవాళ్లను నేను లెక్కచేయను. అది తాగడం లేదు, అన్నం తింటోంది. ఇథనాల్ చెరకు నుంచే కాదు, మొక్కజొన్న నుంచీ, ఎఫ్‌సీఐ గోదాముల బియ్యం నుంచీ వస్తోంది. 2025లో డిస్టిలరీలకు ఆ బియ్యం కిలో 22 రూపాయల 50 పైసలకు ఇచ్చారు. ఆ ధర చెప్పి వన్ టౌన్‌లో ఒక బస్తా అడిగి చూడండి, షావుకారు కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాడు. లీటరు ఇథనాల్‌కు రెండు కిలోల పైచిలుకు బియ్యం కావాలి. నెలకు పన్నెండు లీటర్ల పెట్రోలు పోయించుకునే స్కూటరు, అందులోని ఇథనాల్ బియ్యంతో చేసినదైతే, సుమారు ఐదు కిలోలు తిన్నట్టు. తెల్లకార్డులో ఒక మనిషికి నెలకు ఇచ్చేదీ సరిగ్గా ఐదు కిలోలే!

అంటే స్కూటరు ఇంట్లో మనిషే. మనిషన్నాక కార్డులో పేరుండాలి. సొంత కారుంటే కార్డే తీసేస్తారు గనక, ఈ సౌకర్యం టూవీలర్ల వరకే అడుగుతున్నాం. ఈకేవైసీకి వేలిముద్ర ఎలాగని అధికారులు కంగారు పడక్కర్లేదు. ఆర్‌టీవో ఆఫీసుకు ఇచ్చినట్టే చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ఇస్తాం. ఇక మిగిలింది కుటుంబ పెద్దతో బంధుత్వం అనే గడి. ఆ కాలపు స్కూటర్లలో చాలావరకు కట్నంలో వచ్చినవే. అత్తారింటి నుంచి వచ్చి మనింట్లో తింటోంది కాబట్టి బావమరిది అని రాస్తే ఏ వీఆర్వో కాదనడు.