నగర దర్శన పాసు గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ హైదరాబాదు నగర దర్శన పాసు గారి సముఖానికి,

చిక్కడపల్లి నుంచి ఒక మధ్యతరగతి గృహస్థు నమస్కరించి రాసుకునేది. ఇక్కడ మేమంతా క్షేమం. వచ్చే గురు, శుక్రవారాల్లో మా అక్కా, బావగారూ, మేనల్లుడూ రాజమండ్రి నుంచి దిగుతున్నారు గనక ఈ క్షేమం బుధవారం రాత్రి దాకానే అని గమనించగలరు.

మిమ్మల్ని కొనాలా వద్దా అని మా ఇంట్లో మూడు రాత్రులుగా పంచాయితీ. పెళ్లిసంబంధానికి కూడా ఇంత ఆరా తీయలేదు. "ఒక్క పాసు, ఇరవై ప్రదేశాలు, నలభై ఎనిమిది గంటలు, క్యూలో నిలబడే పనే లేదు" అన్న మీ కరపత్రం ఫోనుకి పంపింది బావగారే. ఆయన మెస్సులో మూడోసారి పెరుగన్నం కలిపించుకునేది ఆకలేసి కాదు, బోర్డు మీద అన్‌లిమిటెడ్ అని రాసుంది గనక. అలాంటి మనిషి చేతికి మీరు చిక్కితే ఇరవయ్యో ప్రదేశం చూసేదాకా మాకు మంచినీళ్లు కూడా పుట్టవు. అందుకే పిల్ల లెక్కల నోటుబుక్కు వెనక పేజీ తిప్పి కూర్చున్నాను.

ముందు మీ ఇరవై సంగతి. చార్మినార్, గోల్కొండ, బాగానే ఉంది. వాటి వెనకాల ట్యాంక్‌బండ్, బిర్లా మందిర్, మక్కా మసీదు, లాడ్ బజార్ అని పేర్చుకుంటూ పోయారు. ట్యాంక్‌బండ్ మీద నిలబడి పోతనగారి విగ్రహం చూడ్డానికి ఎవరికండీ డబ్బు కట్టాలి? బిర్లా మందిర్‌లో వెంకన్న ఉచితంగానే దర్శనమిస్తాడు. కాకపోతే ఫోను బయట పెట్టి రమ్మంటారు, మీరుండేదేమో ఫోన్లోనే. ఇక లాడ్ బజార్‌లో అడుగు పెట్టడానికి టికెట్టు లేదు. అక్క గాజుల కొట్లో కూర్చున్నాక మొదలవుతుంది అసలు టికెట్టు, అది మీ ఖాతాలో రాయరు. మా పాలబ్బాయి కూడా నీళ్లు కలుపుతాడు గానీ, పాలు అడుగున ఎక్కడో ఉంటాయన్న భరోసా అన్నా ఉంటుంది.

డబ్బిచ్చి చూసేవాటికి వద్దాం. చార్మినార్‌కి మనిషికి 25 రూపాయలు, గోల్కొండకి మరో 25. పెద్దవాళ్లం నలుగురం, వెరసి 200. మేనల్లుడికి 14 ఏళ్లు, మా అమ్మాయికి 12. పదిహేనేళ్ల లోపు పిల్లల్ని పురావస్తు శాఖ వాళ్లు టికెట్టే అడగరు. మీరు మాత్రం వాళ్ల కోసం "పిల్లల పాసు, ప్రత్యేక తగ్గింపు" అని వేరే తయారు చేశారు. ఊరికే వచ్చేదాన్ని తగ్గింపు ధరకి అమ్మడం చిన్న విద్య కాదు, మెచ్చుకోవాల్సిందే.

బస్సు కూడా మీలోనే కలిసుందట. తెలంగాణ ఆడవాళ్లకి బస్సు ఉచితం చేసిన 2023 డిసెంబరు 9 నుంచీ మా ఆవిడా పిల్లా సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్టు మీదే తిరుగుతున్నారు. అక్క ఆధార్ రాజమండ్రిది గనక ఆవిడకి మాత్రం టికెట్టు తప్పదు. "పుట్టింటికొస్తే నాకొక్కదానికే టికెట్టా" అని ఇప్పటికే ఫోన్లో ఒకసారి కళ్లనీళ్లు పెట్టుకుంది. దానికి మీ బాధ్యతేమీ లేదులెండి, మాటవరసకి రాశాను.

అన్నిటికంటే పెద్ద చిక్కు శుక్రవారం. మీ నలభై ఎనిమిది గంటల్లో సరిగ్గా సగం అదే. సాలార్‌జంగ్ మ్యూజియానికి ఆ రోజు సెలవు. చౌమహల్లాకీ ఆ రోజే. కుతుబ్‌షాహీ సమాధులకీ అంతే. పోనీ ప్రయాణం ఆది, సోమవారాలకి మార్చుకోమందామా అంటే సోమవారం జూపార్కు మూత. రాహుకాలం, వర్జ్యం చూడందే పచ్చడి జాడీ మూత కూడా తీయని మా అమ్మ క్యాలెండరు ముందేసుకుని అరగంట చూసి, "దీనికి ముహూర్తం లేదురా అబ్బాయ్" అని తేల్చేసింది.

క్యూ దాటిస్తానన్న మీ మాట కూడా ఆలోచించాను. కింద కిటికీ దగ్గర దాటిస్తారేమో. 1591లో చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా మాత్రం ఒక మనిషి పట్టేంత మెలికల మెట్లు 149 పెట్టించాడు. మన ముందు ఒక పెద్దాయన మోకాలు పట్టుకుని ఆగాడంటే పాసున్న బావగారూ ఆగాలి, పాస్ లేని నేనూ ఆగాలి. ఆ తరవాత గోల్కొండకి పది కిలోమీటర్ల పైమాటే, మధ్యలో మెహిదీపట్నం ట్రాఫిక్కు. మీ నలభై ఎనిమిది గంటల్లో ఎన్ని మెహిదీపట్నంలో జమకట్టారో చెప్పలేదు.

అలాగని పాసులన్నీ దండగని నేననను. మా ఆఫీసాయన ప్యారిస్ వెళ్లి మ్యూజియం పాసు కొన్నాడు, గిట్టుబాటైంది. అక్కడ ఒక్కో టికెట్టూ మన వారం కూరగాయల ఖర్చు, చూడాల్సినవి చాలావరకు ఆ సెన్ నది చుట్టుపక్కలే. ఇక్కడైనా విదేశీయులకి చార్మినార్ టికెట్టు 300. వాళ్ల చేతిలో మీరు రాణించవచ్చు. కొందరికి జాతకం పరాయి దేశంలోనే కలిసొస్తుంది.

ఇవన్నీ నిన్న రాత్రి ఫోన్లో చదివి వినిపిస్తే బావగారు చలించలేదు. "కలిపి కొంటే చవకోయ్, అంతే" అన్నారు. ఇక లాభం లేదని మీ టైంటేబుల్ తీశాను. సాలార్‌జంగ్ దగ్గర 11.05కి దింపి 11.55కి మళ్లీ బస్సెక్కమన్నారు మీరు. మీకు తెలుసో లేదో, ఆ మ్యూజియంలో కలకత్తా కుక్ అండ్ కెల్వీ వాళ్ల గడియారం ఒకటుంది. గంట కావస్తోందంటే జనం సినిమా హాల్లో కూర్చున్నట్టు దాని ముందు వరుసగా కూర్చుంటారు. లోపల్నించి ఓ బొమ్మ మనిషి తలుపు తీసుకుని వచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి, మళ్లీ లోపలికి పోతాడు. మేలిముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహం ముందు కాసేపు నోరెళ్లబెట్టినవాళ్లు కూడా టైము చూసుకుని ఇటు పరిగెత్తుకొస్తారు. నా చిన్నతనంలో నాన్న మమ్మల్ని ఎప్పుడు తీసుకెళ్లినా రెండుసార్లు గంట కొట్టించుకుని గానీ బయటికి తెచ్చేవాడు కాదు.

"అంటే బావగారూ, పదకొండు కొట్టాక లోపలికెళ్లి, పన్నెండు కొట్టకముందే బయటికొచ్చేస్తాం" అన్నాను.

అవతల్నించి చాలాసేపు చప్పుడు లేదు.

"పన్నెండు దెబ్బలూ పోతాయా?"

"ఒక్కటి కూడా దక్కదు."

"ఒంటిగంటకి వెళ్తే?"

"ఒకటే కొడతాడు. టికెట్టు డబ్బులు మాత్రం అవే."

ఆయన ఫోను పెట్టేశారు. కాబట్టి ప్రస్తుతానికి మిమ్మల్ని కొనలేకపోతున్నామని తెలియజేయడానికి చింతిస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు కాలేకపోయిన
చిక్కడపల్లి వాసి

తా.క.: ఇప్పుడే అక్క ఫోను చేసింది. బావగారు రిజర్వేషన్ మార్పించారట, బుధవారం తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో ఉంటారట. గురువారం పదకొండున్నరకల్లా గడియారం ముందు మొదటి వరసలో ఆరు సీట్లు నన్ను పట్టి ఉంచమన్నారు.