కుండకి చిల్లుంటే పెద్ద కుండ కొనమనే మేధావులకి

ఇప్పుడే ఇంకొకరు బయల్దేరారు, కారు బ్యాటరీ గోల పట్టుకుని. తొమ్మిది నెలల్లో మూడో బ్యాటరీ అట. బండి రెండు రోజులు కదలకపోతే చాలు, మూడో రోజు పొద్దున సెల్ఫ్ కొడితే కటకటమని చప్పుడు, డాష్‌బోర్డు లైట్లు గుడ్డి దీపాలు. దానికి దొరికిన సలహా ఏంటయ్యా అంటే, "ఈసారి ఇంకాస్త పెద్ద బ్యాటరీ వేసేయ్ బ్రో". ఎందుకు దిగుతోందని అడిగిన నాథుడు ఒక్కడు లేడు!

మల్టీమీటర్ అని వోల్టేజీ, కరెంటు కొలిచే ఒక వస్తువు ఉంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ మీద పెడితే 12.6 వోల్టులు చూపించాలి. 12.2 అంటే సగం ఖాళీ. 12 కంటే కిందకి పోతే అడుగంటినట్టే. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య రావాలి, రాకపోతే డైనమో (ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని చార్జ్ చేసేది), బెల్టు, వైరింగు చూడాలి. (కొత్త బండ్లలో చార్జింగ్‌ని కంప్యూటరే కావాలని తగ్గిస్తుంటుంది. 13 కనబడగానే డైనమోకి దినం పెట్టకండి, హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి మళ్లీ చూడండి.) ఫుల్ చార్జ్ ఎక్కించాక కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే దిగిపోతోందా, అప్పుడు తిట్టండి బ్యాటరీని, ఎవరు కాదన్నారు?

ఇవన్నీ బాగానే ఉండి కూడా రెండు రోజులకి పడుకుంటోందంటే, బండి ఆపాక ఎవరో కూర్చుని కరెంటు తాగుతున్నారు. పట్టుకోవడం బ్రహ్మవిద్యేం కాదు. నెగటివ్ కేబుల్ విప్పి, ఆ కేబుల్‌కీ బ్యాటరీ టెర్మినల్‌కీ మధ్యలో మీటర్ పెట్టండి. ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండాలి. అలా ఉండగా తాళం తిప్పారో, మీటర్‌లో ఫ్యూజు గోవిందా. బానెట్ తెరిచే ఉంటుంది, ఫ్యూజుల కోసం డోరూ తెరిచే ఉంచాలి కాబట్టి వాటి లాక్ నాలుకల్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి, మూసినట్టు బండిని నమ్మించాలి. రిమోట్‌తో లాక్ చేసి, స్మార్ట్ కీ అయితే దూరంగా పెట్టి రావాలి, అది పక్కనే ఉంటే కొన్ని బండ్లు నిద్రే పోవు.

తర్వాత అరగంట ఆగాలి. ఈ అరగంట దగ్గరే అందరికీ ప్రాణం మీదకొస్తుంది. పెట్టగానే కనబడే పెద్ద అంకె చూసి "దొరికింది" అని గంతులేస్తారు. లోపలి కంప్యూటర్లన్నీ ఒక్కొక్కటే పడుకుంటాయి, కొన్ని బండ్లకి గంట కూడా పడుతుంది. చివరికి 50 మిల్లీ ఆంపియర్లలోపు నిలబడితే మామూలే. డిక్కీలో 5 వాట్ల బల్బు ఒక్కటి ఆరకుండా ఉండిపోయిందనుకోండి, 0.4 ఆంపియర్లు, 24 గంటలతో గుణిస్తే రోజుకి దాదాపు 10 ఆంపియర్-అవర్లు. 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీ రెండు రోజుల్లో సగానికి వస్తుంది, మూడో రోజు కటకట. మూడు బ్యాటరీలు మింగేది ఇలాంటి బల్బే! డిక్కీలో ఫోన్ వీడియో ఆన్ చేసి పడేసి, మూత వేసి తీయండి, ఆరిందో లేదో తెలిసిపోతుంది. గ్లవ్ బాక్సుకీ ఇదే వైద్యం.

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోకండి, పీకి పెట్టినప్పుడల్లా నిద్రపోయిన కంప్యూటర్లు లేస్తాయి. ఫ్యూజు నెత్తి మీద రెండు చుక్కల్లా లోహం కనబడుతుంది, వాటి మీద మీటర్‌ని మిల్లీవోల్టుల్లో పెట్టండి. సున్నా అయితే ఆ దారిలో కరెంటు పోవట్లేదు. ఏదైనా అంకె వచ్చిందా, ఆ లైన్లో కరెంటు పోతోంది, దొంగ అక్కడే ఉండొచ్చు.

తీరా చూస్తే చాలాసార్లు దొరికేది ఎవరో తెలుసా? స్టీరియో బిగించిన మహానుభావుడి చేతిపని. పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండే దానికి, ఎరుపు తాళం తిప్పితే వచ్చే దానికి. రెండు రంగులు ఎందుకిచ్చారో ఆలోచించే ఓపిక ఉండదు, రెండూ కలిపి మెలేసి టేపు చుట్టేస్తాడు. ఇక సెట్టు రాత్రంతా మేలుకునే ఉంటుంది. డాష్‌క్యామ్ ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీకే. ట్రాకర్ దొరికిన వైరుకల్లా. బ్యాటరీ పోయిందని వెళ్తే "కంపెనీ వైరింగే అంత సార్" అని ఎదురు పాఠం!

ఫ్యూజులన్నిటి మీదా సున్నా వచ్చి, మీటర్‌లో మాత్రం అంకె దిగట్లేదంటే డైనమోలో డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) లీకవుతోందేమో చూడండి. నెగటివ్ విప్పే ఉంచి, మీటర్ కూడా తీసేసి, డైనమో వెనక లావు కేబుల్ ఊడదీసి, దాని కొసకి టేపు చుట్టి, మళ్లీ మీటర్ పెట్టి కొలవండి. అంకె పడిపోతే దొంగ అదే.

డైనమో అంటే గుర్తొచ్చింది. ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, "బండి ఆగలేదు, డైనమో సూపర్" అని తీర్పులిచ్చే పెద్దలు ఇంకా ఉన్నారు. కార్బురేటర్ల కాలంలో చెల్లిందేమో. ఇప్పుడు అలా పీకితే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి ఈసీయూనే, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌నే, కాల్చేయొచ్చు. మీటర్ పెడితే రెండు సెకన్లలో 14.2 అని చెప్తుంది కదండీ, పీకడం దేనికి?