ఖాళీ ఎంతుందో నిజం చెప్పలేని కన్సోల్‌కు ఇన్ని కొత్త హంగులెందుకు?

నిన్న రాత్రి మా స్టోరేజీ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాం. ఈ ఉదయం కన్సోల్ తెరిచి చూస్తే, ఇన్నేళ్లుగా మొదటి పేజీలోనే కనిపిస్తూ వచ్చిన ఫిజికల్ కెపాసిటీ (డిస్కుల్లో నిజంగా ఉన్న చోటు) పట్టీ మాయమైంది. దాని స్థానంలో పెద్ద ఆకుపచ్చ వలయం, దాని నడుమ 52 టెరాబైట్లు ఖాళీగా ఉన్నాయని లావుపాటి అక్షరాలు వచ్చాయి. డిస్కులన్నీ కలిపి ఒకటిగా చేసిన మా పూల్‌లో మొత్తం డిస్కు స్థలమే 100 టెరాబైట్లు, అందులో 87 శాతం నిండిపోయింది, అంటే నిజంగా మిగిలింది 13 టెరాబైట్లే. ఆ 13ను 4తో హెచ్చించి, ఇప్పటివరకు డీడూప్లికేషన్‌తో (ఒకే డేటా పదేపదే ఉంటే ఒక్క ప్రతే ఉంచడం), కంప్రెషన్‌తో (డేటాను కుదించడం) వచ్చిన పొదుపే ఇక ముందు కూడా వస్తుందని సాఫ్ట్‌వేర్ తనకు తానే అనుకుని, దానికి ఎఫెక్టివ్ కెపాసిటీ అని పేరు పెట్టి అందరి ముందూ పెట్టింది. అసలు అంకె కావాలంటే పూల్ పేజీకి వెళ్లి, అక్కడి నుంచి వివరాల ట్యాబ్‌కు వెళ్లి, అందులో ముడిచిపెట్టిన ఒక విభాగాన్ని విప్పి చూడాలి.

గంట గడవకముందే వీడియో ఆర్కైవ్ ప్రాజెక్టు చూసే ఆయన దగ్గర నుంచి 30 టెరాబైట్ల వాల్యూమ్ (పూల్ నుంచి సర్వరుకు కేటాయించే డిస్కు) కోసం అభ్యర్థన వచ్చింది. అంత స్థలం లేదని చెబితే ఆయన, "మీ కన్సోల్‌లోనే 52 ఖాళీ ఉందని చూపిస్తోంది కదండీ, ఇవ్వడానికి ఏమిటి ఇబ్బంది?" అని అడిగారు. ఆయన తప్పేమీ లేదు. చూడటానికి మాత్రమే అనుమతి ఉన్న ఆయన ఖాతాలో కనిపించేది ఆ ఆకుపచ్చ వలయం ఒక్కటే. వీడియో అప్పటికే కుదించి ఉన్న డేటా కాబట్టి దాన్ని మళ్లీ కుదిస్తే ఆదా అయ్యే స్థలం దాదాపు శూన్యమని, 30 టెరాబైట్ల వీడియోకు ఇంచుమించు 30 టెరాబైట్ల డిస్కే కావాలని ఆయనకు తెలియాల్సిన అవసరం లేదు. ఆ అంకెను రూపొందించిన వారికి మాత్రం తెలిసి తీరాలి.

థిన్ ప్రావిజనింగ్ మీద పనిచేసే వారందరికీ ఈ భయం తెలుసు. ఈ పద్ధతిలో వాల్యూమ్ ఎంత పెద్దదని చెప్పినా, అందులో డేటా రాసిన మేరకే పూల్ నుంచి స్థలం తీసుకుంటుంది, అందుకే 100 టెరాబైట్ల పూల్ మీద 300 టెరాబైట్ల వాల్యూమ్‌లు కూడా హాయిగా నిలబడతాయి, పూల్ నిండేదాకా. నిండిన క్షణంలో ఇబ్బంది పడేది చివరగా వచ్చిన వీడియో వాల్యూమ్ ఒక్కటే కాదు. ఆ పూల్ మీద ఉన్న ప్రతి వాల్యూమ్‌కూ రాతలు ఆగిపోతాయి, కొన్ని ఆఫ్‌లైన్ అవుతాయి, వాటి మీద నడిచే డేటాబేసులు నడిమధ్యలో కూలిపోతాయి. అప్పుడు కంగారుపడి ఫైళ్లు తుడిచేసినా స్థలం తిరిగి రాదు, ఎందుకంటే ఆ బ్లాకులు ఖాళీ అయ్యాయని సర్వరు అన్‌మ్యాప్ ఆదేశంతో అర్రేకు (డిస్కులున్న స్టోరేజీ యంత్రానికి) చెప్పాలి, చెప్పినా పాత స్నాప్‌షాట్‌లు (ఒక క్షణంలో డేటా ఎలా ఉందో పట్టి ఉంచే ప్రతులు) వాటిని పట్టుకుని ఉంటే అవి కదలవు. ఇంత ప్రమాదం ఆధారపడిన ఒకే ఒక అంకెను మూడు తెరల వెనక్కి నెట్టి, ఆశతో హెచ్చించిన అంకెను ముందుకు తేవడాన్ని నేను మసిపూసి మారేడుకాయ చేయడమే అంటాను.

పైగా ఆ 4:1 నిష్పత్తి కూడా దేనితో లెక్కగట్టారో చూడాలి. థిన్ వాల్యూమ్‌లో ఇంకా ఎవరూ రాయని స్థలాన్ని, స్నాప్‌షాట్‌ల వల్ల మిగిలిందనుకునే స్థలాన్ని కూడా పొదుపు కింద కలిపేసుకునే సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. ఎవరూ రాయని డేటాను కుదించామని చెప్పుకోవడానికి మనస్సాక్షి ఎలా ఒప్పుకుంటుందో నాకు అర్థం కాదు. కొనేవారి ముందు పెట్టే స్లైడులో నిష్పత్తి పెద్దదిగా ఉండాలి, ఇదంతా అందుకే. రాత్రి రెండు గంటలకు ఫోను మోగితే లేచేది ఆ స్లైడు తయారు చేసినవారు కాదు. ఎద్దు పుండు కాకికి ముద్దా?

ఇందులోనే ఇంకో అన్యాయం ఉంది. కొత్త మొదటి పేజీ టెరాబైట్లలో లెక్క చెబుతుంది, పూల్ పేజీ టెబిబైట్లలో చెబుతుంది. మొదటిది లక్ష కోట్ల బైట్లు, రెండోది దానికంటే దాదాపు 10 శాతం పెద్దది. 100 టెరాబైట్ల పూల్ రెండో పేజీలో 90.9గా కనిపిస్తుంది. రెండు కొలతలకూ వేర్వేరు పేర్లు ఉండాలని అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లోనే నిర్ణయించింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒకే సాఫ్ట్‌వేర్ రెండు పేజీల్లో రెండు కొలతలు వాడుతూ, రెండో పేజీలో యూనిట్‌ను సన్నని బూడిదరంగు అక్షరాల్లో దాచిపెడితే, దాన్ని పొరపాటు అని సరిపెట్టుకోవడానికి నాకు మనసు రావడం లేదు.

ఈ వెర్షన్ విడుదల పత్రంలో మొదటి అంశంగా గొప్పగా చెప్పుకున్నది కృత్రిమ మేధ సహాయకుడిని. పూల్‌లో నిజంగా ఎంత స్థలం మిగిలిందో చెప్పమని అడిగాను, మళ్లీ అదే 52 చెప్పింది. నాకు కొత్తదనం మీద ద్వేషం లేదు. గడువు తీరేదాకా అడ్మిన్ కూడా తుడవలేని లాక్డ్ స్నాప్‌షాట్‌లు రావడం ఈ రంగంలో జరిగిన గొప్ప మేలు. స్నాప్‌షాట్ తొలగించాలంటే ఇంకో అడ్మిన్ ఆమోదం కావాలనే నియమం కూడా అంతే. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ వాటిని ఎన్‌క్రిప్ట్ చేయడం మొదలుపెడితే ఆ డేటా ఇక కుదించబడదు, కాబట్టి పొదుపు నిష్పత్తి ఉన్నట్టుండి పడిపోతుంది, ఆ పతనాన్ని పసిగట్టి హెచ్చరించే సౌకర్యం చూసినప్పుడు నేను నిజంగా సంతోషించాను. తమ నిష్పత్తి ఏ క్షణంలోనైనా కూలిపోవచ్చని తెలిసే కదా ఆ సౌకర్యం కట్టారు! మరి అదే నిష్పత్తిని శాశ్వతమన్నట్టు వలయంలో ఎలా పెట్టారు? పైగా ఈ మంచి సౌకర్యాలన్నీ పై స్థాయి లైసెన్సు కొన్నవారికే. వలయం మాత్రం అందరికీ ఉచితం.

ఎన్నేళ్లుగానో అడుగుతున్నా రానిది ఒకటుంది, అది గుర్తొస్తే నాకు ఇంకా మండుతుంది. బ్యాకప్ పూర్తయిందని ఆకుపచ్చ టిక్కు చూపే కన్సోల్‌లు అన్నీను. ఆ బ్యాకప్ నుంచి చివరిసారి ఎప్పుడు తిరిగి తెచ్చి చూశారు, ఎంత సేపు పట్టింది అని మొదటి పేజీలో చూపేది మాత్రం నేను పనిచేసిన వాటిలో ఒక్కటీ లేదు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసు డైరెక్టరీని తుడిచేసినప్పుడు, రోజూ జరుగుతోందనుకున్న బ్యాకప్ కోసం వెతికితే ఆ చోటు ఖాళీగా ఉంది. డేటాబేసు 9.6 వెర్షన్, బ్యాకప్ తీసే ప్రోగ్రాము 9.2 వెర్షన్ కావడంతో ఆ పని విఫలమవుతూ వచ్చింది, ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లేమో డీమార్క్ (ఈమెయిలు నకిలీదా కాదా అని చూసే) నిబంధన వల్ల తిరస్కరణకు గురయ్యాయి. దాదాపు ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. ఆ సంస్థ అంతా దాచకుండా రాసి ప్రకటించింది కాబట్టి మనకు తెలిసింది. ఆ వివరణ చదివిన తర్వాత కూడా పునరుద్ధరణ పరీక్షకు మొదటి పేజీలో చోటివ్వకుండా వలయాలు గీస్తున్నారు.

అప్‌గ్రేడ్‌లో అందం కోసం చేసిన మార్పు వల్ల ఏం నష్టమని అడిగేవారు క్యోటో విశ్వవిద్యాలయంలో జరిగింది తెలుసుకోవాలి. 2021 డిసెంబరులో అక్కడి సూపర్‌కంప్యూటర్ స్టోరేజీకి బ్యాకప్ స్క్రిప్టును సరఫరాదారు సవరించారు, చదవడానికి సులువుగా ఉండాలని అందులో వేరియబుల్ పేర్లు మార్చారు. పాత స్క్రిప్టు నడుస్తుండగానే దాని మీద కొత్తది పెట్టారు. ఆదేశాలను నడిపే షెల్ అనే ప్రోగ్రాము, స్క్రిప్టును ముక్కలు ముక్కలుగా చదువుతూ పోతుంది కాబట్టి సగం నుంచి కొత్తది అందుకుంది, విలువే లేని వేరియబుల్‌తో తొలగింపు ఆదేశం నడిచింది, పాత లాగ్ ఫైళ్లు పోవాల్సిన చోట పరిశోధకుల ఫైళ్లు పోయాయి. సుమారు 77 టెరాబైట్లు, దాదాపు 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు, 14 పరిశోధన బృందాలవి. అందులో 4 బృందాల డేటా బ్యాకప్ నుంచి కూడా తిరిగి రాలేదు. పేర్లు బాగుండాలని చేసిన మార్పు అది.

మా సాఫ్ట్‌వేర్ సరఫరాదారుకు ఫిర్యాదు టికెట్ పెట్టాను. ఇది లోపం కాదని, కొత్త రూపకల్పన అని, నా అభిప్రాయాన్ని భవిష్యత్తు సౌకర్యాల జాబితాలో చేర్చామని జవాబిచ్చి, టికెట్ మూసేయమంటారా అని అడిగారు. మూయవద్దని రాశాను. మొదటి పేజీలో ఫిజికల్ కెపాసిటీ తిరిగి రావాలి, పొదుపు లెక్కలో ఏమేం కలిపారో దాని పక్కనే ఉండాలి, ప్రతి పేజీలో ఒకే కొలత ఉండాలి. అవి వచ్చేదాకా కమాండ్ లైన్ నుంచి అసలు అంకె తీసి గంటకోసారి మెయిలు పంపే స్క్రిప్టు ఒకటి పెట్టాను, అందుకునేవారి జాబితాలో వీడియో ఆర్కైవ్ ఆయన పేరు కూడా చేర్చాను. ఆయన అడిగిన 30 టెరాబైట్లకు కొత్త డిస్కులు కావాలని కొనుగోలు విభాగానికి రాస్తే, వాళ్లు కూడా ఆ ఆకుపచ్చ వలయం స్క్రీన్‌షాట్ జతచేసి, ఇంత ఖాళీ ఉండగా కొత్తవి ఎందుకని అడిగారు.