ఆ ఫొటోలో కాబ్ తన్నింది క్యాచర్‌ని కాదు

పాత బేస్‌బాల్ ఫొటో ఒకటి తరచూ షేర్ అవుతుంటుంది. డెట్రాయిట్ టైగర్స్ ఆటగాడు టై కాబ్ కాలు చాపి దూసుకొస్తుంటాడు. బూటు సరిగ్గా క్యాచర్ తొడల మధ్య కనిపిస్తుంది. దాని కింద రాసేది దాదాపు ఎప్పుడూ ఒకటే: “మేకులు నూరిన బూట్లతో కాబ్ కావాలనే తన్నాడు, పాపం ఆ క్యాచర్ కెరీర్ అక్కడితో ముగిసింది.”

ముందు “కావాలనే” సంగతి. ఇది 1912 జులై 4 నాటి ఫొటో. ఆ క్యాచర్ సెయింట్ లూయిస్ బ్రౌన్స్‌కి ఆడిన పాల్ క్రిచెల్. క్యాచర్ అంటే మన వికెట్ కీపర్ లాంటివాడే. పరుగు పూర్తిచేయడానికి హోమ్ ప్లేట్‌కి (బ్యాటర్ నిలబడే చోటుకి) పరుగెత్తుకొచ్చేవాణ్ణి బంతి పట్టుకున్న చేత్తో తాకితే ఔట్, బంతి జారిపోతే లేదు. కాబ్ కాలు వెళ్లింది ఆ బంతి మీదికే, అది ఎగిరిపోయింది కూడా. ఒక రకంగా తప్పు తనదేనని, ప్లేటుకి పక్కన ఉండాల్సింది ఎదురుగా నిలబడ్డానని తర్వాత చెప్పింది ఎవరో కాదు, క్రిచెలే. ఆయనకే లేని కోపం వందేళ్ల తర్వాత మనకెందుకో!

ఇక మేకులు, అంటే బూట్ల అడుగున పట్టు కోసం ఉండే లోహపు మొనలు, నూరడం సంగతి. ఆటగాళ్లందరి మేకుల మొనలూ అరగదీయించాలని 1910లో లీగ్ అధ్యక్షుడు బాన్ జాన్సన్‌ని అడిగిందే కాబ్. అలాగని ఆయన సాధువేం కాదు. అదే 1912 మే నెలలో న్యూయార్క్‌లో తనను తిట్టిన ప్రేక్షకుణ్ణి స్టాండ్స్‌లోకి ఎక్కి మరీ చితకబాది సస్పెండ్ అయ్యాడు. కాబ్‌ని తిట్టాలనుకుంటే అది చాలు.

కెరీర్ ముగిసిందా? మేజర్ లీగ్స్‌లో, అంటే పైస్థాయి పోటీల్లో, క్రిచెల్ ఆడింది 1911, 1912 సీజన్లే. రెండో ఏడు గాయమూ దెబ్బతీసింది. అయితే ఆట కూడా అంతంతమాత్రమే: బ్యాటింగ్ సగటు .222 (వంద బ్యాటింగ్ అవకాశాల్లో దాదాపు 22 హిట్లు), హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) ఒక్కటీ లేదు. ఆ తర్వాత కిందిస్థాయి మైనర్ లీగ్స్‌లో ఆడాడు, కోచ్ అయ్యాడు. 1920లో ఎడ్ బారో న్యూయార్క్ యాంకీస్ జట్టు వ్యవహారాలు చూడటానికి వచ్చాక క్రిచెల్‌ని స్కౌట్‌గా, అంటే కొత్త ఆటగాళ్లను వెతికి తెచ్చేవాడిగా, పెట్టుకున్నాడు. 1957లో చనిపోయేదాకా అదే పని. 1923లో కొలంబియా యూనివర్సిటీ మ్యాచ్‌కి వెళ్లి తర్వాత యాంకీస్ ఫస్ట్ బేస్ దిగ్గజమైన లూ గెరిగ్‌ని పట్టుకొచ్చింది ఈయనే. యాంకీస్ స్టార్లు ఫిల్ రిజుటో, వైటీ ఫోర్డ్ కూడా ఈయన తెచ్చినవాళ్లే.

చేజారినవాళ్లూ ఉన్నారు. తర్వాత పెద్ద స్టార్ అయిన హాంక్ గ్రీన్‌బర్గ్ అనే కుర్రాణ్ణి యాంకీ స్టేడియానికి తీసుకెళ్లి, గెరిగ్ పని అయిపోయింది, ఫస్ట్ బేస్ నీదేనని నమ్మించబోయాడు. మైదానంలో ఉన్న గెరిగ్‌ని చూసిన గ్రీన్‌బర్గ్ ఆ మాట నమ్మలేదు, కాబ్ ఒకప్పుడు ఆడిన డెట్రాయిట్‌కే సంతకం పెట్టాడు. గెరిగ్ 1939 దాకా ఆడాడు.