ఎదురుపడని విజేతలు

రాయలసీమ పల్లెల్లో తిరునాళ్లప్పుడు బండలాగుడు పోటీలకు ముందు ఒక పని తప్పనిసరిగా జరుగుతుంది. ఎడ్ల యజమానులందరినీ పిలిచి చీటీలు తీయిస్తారు. చీటీలో ఏ నంబరు వస్తే ఆ వరుసలో ఆ జత బరిలోకి దిగాలి. విభాగంలో అందరికీ అదే బండ, అదే నేల, అదే గడువు. గడువు ముగియగానే లాగిన దూరాన్ని టేపుతో కొలిచి అడుగులు, అంగుళాలతో సహా మైకులో చెబుతారు. ఈసారి గట్టి జతలు వస్తున్నాయట అని, నిరుడు మొదటి బహుమతి గెలిచిన ఎడ్లను కొట్టంలోనే కట్టేసుకునే రైతును ఊరు ఏమంటుందో కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల పాఠకులకు మేము వేరే చెప్పనక్కర్లేదు.

ప్రపంచ ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఏళ్ల తరబడి జరుగుతున్నది అదే. అగ్రశ్రేణి బాక్సర్లు ఒకరికొకరు ఎదురుపడకుండానే తమ మంచి వయసు గడిపేస్తున్నారు. ఈ ఆట పని అయిపోయిందని కొందరు, ఇంత డబ్బు ఇందులో ఎన్నడూ లేదని మరికొందరు వాదిస్తున్నారు. మా దృష్టిలో ప్రతిభకు లోటు రాలేదు, డబ్బుకూ రాలేదు. ఎవరితో తలపడాలో, ఎప్పుడు తలపడాలో ఛాంపియనే తేల్చుకునే ఏర్పాటు ఈ ఆటకు చెదలా పట్టింది.

ఫ్లాయిడ్ మేవెదర్, మానీ పాకియావ్‌ల సంగతే చూడండి. 2009 చివరి నాటికి బరువుల తేడా పక్కనపెడితే ప్రపంచంలో మేటి బాక్సర్లు ఎవరంటే అందరూ చెప్పిన పేర్లు ఈ రెండే. 2010 మార్చిలో పోటీ జరగాల్సి ఉండగా, డోపింగ్‌ను పట్టుకునే రక్తపరీక్షలు ఎప్పుడు చేయాలన్న వివాదంతో చర్చలు తెగిపోయాయి. ఆ తర్వాత పోటీలు ఏర్పాటు చేసే ప్రమోటర్ల పంతాలు, టీవీ సంస్థల వైరం, వాటాల లెక్కలు. చివరకు ఇద్దరూ లాస్ వేగాస్‌లో తలపడింది 2015 మే 2 రాత్రి. మనకు అది ఆదివారం ఉదయం. అప్పటికి మేవెదర్‌కు 38 ఏళ్లు, పాకియావ్‌కు 36. అంతకుముందే, 2012లో, మెక్సికో బాక్సర్ మార్కెజ్ కొట్టిన ఒక్క దెబ్బకు పాకియావ్ స్పృహ తప్పి బోర్లా పడిపోయి ఉన్నాడు. అయినా ఆ పోటీని టీవీలో చూడటానికి అమెరికాలో సుమారు 46 లక్షల కనెక్షన్లకు జనం వంద డాలర్ల దాకా చెల్లించారు. పన్నెండు రౌండ్లూ వారు చూసింది ఒకరు చాకచక్యంగా తప్పుకోవడం, ఇంకొకరు అందుకోలేక వెంటపడటం. పాకియావ్ భుజానికి గాయమై ఉందన్న సంగతి పోటీ ముగిశాకే బయటికొచ్చింది. వ్యాపారంలో అది పెద్ద రికార్డు. పంటను అదునులో కోయకుండా చేలోనే ఎండబెట్టి, చొప్పను గింజల ధరకు అమ్మినట్టయింది.

ఈ జాడ్యం కొత్తది కాదు. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో లెనాక్స్ లూయిస్ చేతిలో ఓడిన రిడిక్ బో, 1992లో హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. లూయిస్‌తో ఆడాల్సిన వంతు వచ్చేసరికి లండన్‌లో విలేకరుల ఎదుట డబ్ల్యూబీసీ అనే సంస్థ ఇచ్చిన తన ఛాంపియన్ బెల్టును చెత్తబుట్టలో వేశాడు. ప్రొఫెషనల్ రింగులో వారిద్దరూ ఒక్కసారైనా తలపడలేదు. 2021లో నాలుగు సంస్థలు ఇచ్చే హెవీవెయిట్ బెల్టులు నాలుగూ ఇద్దరు బ్రిటన్ బాక్సర్ల దగ్గరే ఉన్నాయి: టైసన్ ఫ్యూరీ, ఆంథోనీ జాషువా. దేశమంతా వారి పోటీ కోసం ఎదురుచూసింది. ఫ్యూరీ ముందుగా అమెరికా బాక్సర్ వైల్డర్‌తో మూడోసారి ఆడి తీరాలని మధ్యవర్తి (ఆర్బిట్రేటర్) తీర్పు ఇవ్వడంతో ఆ ఏడాది అదీ చెడింది.

బాక్సర్ల గుండె ధైర్యాన్ని మేము శంకించడం లేదు. రింగులోకి దిగే ఏ మనిషినీ పిరికివాడనే హక్కు మాకు లేదు. తప్పు ఏర్పాటులో ఉంది. డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ అంటూ నాలుగు సంస్థలు ఉన్నాయి. పదిహేడు బరువుల్లో ఎవరికి వారే ప్రపంచ ఛాంపియన్లను ప్రకటిస్తారు. అది చాలదన్నట్టు ‘సూపర్’ ఛాంపియన్, ‘రెగ్యులర్’ ఛాంపియన్, ‘తాత్కాలిక’ ఛాంపియన్ కూడా. టైటిల్ పోటీ జరిగినప్పుడల్లా బాక్సర్ల పారితోషికంలోంచి ఈ సంస్థలకు రుసుము ముడుతుంది కాబట్టి, బెల్టులు తగ్గించాలన్న ఆలోచన వాటికి పుట్టదు. ప్రమాదకరమైన ప్రత్యర్థితో ఆడమని ఒక సంస్థ పట్టుబడితే ఛాంపియన్ ఆ బెల్టు వదిలేసి మరో బెల్టుతో నడుస్తాడు. అన్నిటినీ ఒక్కచోటికి చేర్చినవాడికీ నిలకడ దక్కదు. 2024 మేలో రియాద్‌లో ఫ్యూరీని ఓడించిన ఒలెక్సాండర్ ఉసిక్, 1999లో లూయిస్ తర్వాత తొలి తిరుగులేని హెవీవెయిట్ ఛాంపియన్. కొన్ని వారాలకే ఐబీఎఫ్ బెల్టును అతడు వదులుకోవాల్సి వచ్చింది.

రెండో కారణం సున్నా మోజు. మేవెదర్ 50 విజయాలతో, ఒక్క ఓటమీ లేకుండా తప్పుకున్నాక, ఓటముల గడిలో సున్నా ఉండటమే గొప్పతనానికి కొలత అయిపోయింది. ఒక్కసారి ఓడితే తర్వాతి పోటీకి ధర పడిపోతుంది. ఈ కొలతతో చూస్తే షుగర్ రే రాబిన్సన్ ఎక్కడ నిలుస్తాడు? 1943 ఫిబ్రవరి 5న జేక్ లామోటా అతడికి తొలి ఓటమి రుచి చూపించాడు. మూడు వారాలు తిరిగేసరికి, అదే నెల 26న, రాబిన్సన్ మళ్లీ లామోటా ముందు నిలబడి గెలిచాడు. మొత్తం ఆరుసార్లు తలపడ్డారు. రాబిన్సన్ ఖాతాలో 19 ఓటములు ఉన్నాయి, అయినా నేటికీ బాక్సింగ్ చరిత్రలో మొదటి పేరుగా ఎక్కువమంది చెప్పేది అతడినే. 1980ల్లో లెనార్డ్, డురాన్, హెర్న్స్, హ్యాగ్లర్ తమలో తాము తొమ్మిదిసార్లు కొట్టుకున్నారు. ఆ నలుగురిలో ఓడనివాడు లేడు. ఆ తరాన్ని అభిమానులు ఇప్పటికీ తలుచుకునేది ఆ తొమ్మిది పోటీల వల్లనే.

మంచి పోటీలు అసలే లేవని అనడం అన్యాయమవుతుంది. ఓటమి ఎరుగని బెటెర్బియెవ్, బివోల్ 2024 అక్టోబరులో తలపడ్డారు, నాలుగు నెలలకే మళ్లీ తలపడ్డారు. చెరొకటి గెలిచారు, ఇద్దరి గౌరవమూ పెరిగింది. కానీ ఆ రెండు పోటీలూ, ఉసిక్ – ఫ్యూరీ పోటీలూ జరిగింది సౌదీ అరేబియా డబ్బుతో. సంస్థలు, ప్రమోటర్లు ఏళ్ల తరబడి చేయలేని పనిని ఒక ప్రభుత్వ ఖజానా చేస్తోంది. ఆ ఆసక్తి తగ్గిన రోజున ఏమవుతుంది? 1973 నుంచి బాక్సింగ్ చూపించిన అమెరికా టీవీ సంస్థ హెచ్‌బీఓ 2018తో ఆపేసింది, షోటైమ్ 2023తో ఆపేసింది. ఆ ఖాళీలోకి వినోదం వచ్చి కూర్చుంది. 2024 నవంబరులో 58 ఏళ్ల మైక్ టైసన్‌ను యూట్యూబ్‌తో పేరు తెచ్చుకున్న జేక్ పాల్‌కు ఎదురుగా నిలబెట్టారు. అదే రాత్రి అదే రింగులో మహిళా బాక్సర్లు కేటీ టేలర్, అమండా సెరానో తమ రెండో పోటీ ఆడారు. సెరానో కనుబొమ్మ చీరుకుపోయి రక్తం కారుతున్నా ఇద్దరూ చివరి గంట మోగేదాకా వెనక్కి తగ్గలేదు. మరుసటి ఏడాదే మూడోసారీ ఆడారు. మగవాళ్ల బాక్సింగ్ నేర్చుకోవాల్సింది వీరి దగ్గరే.

పోటీల సంఖ్య పెంచమని మేము అడగడం లేదు. 1982లో కొరియా బాక్సర్ కిమ్ దుక్ కూ రింగులో తిన్న దెబ్బలకు మరణించాకే టైటిల్ పోటీలు 15 రౌండ్ల నుంచి 12కు తగ్గాయి. తలకు తగిలే దెబ్బ చిన్న విషయం కాదు. ఏడాదికి ఒకటి రెండే ఆడినా, అవి సరైన ప్రత్యర్థితో ఉండాలన్నదే మా మాట. బరువుకు ఒకే బెల్టు, గడువులోగా మొదటి ర్యాంకు బాక్సర్‌తో పోటీ, తప్పించుకుంటే బెల్టుతో పాటు ర్యాంకు కూడా పోవడం. ఈ మూడూ లేనిదే ఈ ఆట బాగుపడదు.

ఇంత దూరపు సంగతి కర్నూలు పత్రికకు ఎందుకు? 2019లో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఒక ఉత్తరం రాసింది. ఒలింపిక్ అర్హత పోటీలకు ట్రయల్ లేకుండానే మేరీ కోమ్‌ను పంపాలని బాక్సింగ్ సమాఖ్య అనుకుంటున్న సమయమది. తనకూ అవకాశం ఇచ్చి, బరిలోనే తేల్చాలని కేంద్ర క్రీడా మంత్రిని కోరింది. అంత పెద్ద పేరు మీద ప్రశ్న లేవనెత్తినందుకు ఎన్నో మాటలు పడింది. ట్రయల్ జరిగింది, ఆమె 9-1తో ఓడిపోయింది. 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్ అయింది. పారిస్ ఒలింపిక్స్‌లో సీడింగ్ (ర్యాంకును బట్టి డ్రాలో ఇచ్చే స్థానం) లేకపోవడంతో రెండో పోటీలోనే చైనాకు చెందిన టాప్ సీడ్ వూ యూ ఎదురైంది, నిఖత్ ఓడిపోయింది. ఆ రోజు తెలుగు ఇళ్లలో చాలామంది డ్రాను, అంటే ఎవరికి ఎవరు ఎదురవ్వాలో తేల్చే చీటీని, తిట్టుకున్నారు. మాకూ బాధ కలిగింది. కానీ ఆ డ్రా ఎవరి పేరూ చూడదు. 2019లో నిఖత్ అడిగిందీ అలాంటి న్యాయమే.

కర్నూలులో తెల్లవారకముందే సాధనకు వచ్చే పిల్లలను చూస్తే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. చేతికి చుట్టుకునే పట్టీ ఉచ్చును బొటనవేలికి తగిలించి, మణికట్టు చుట్టూ నాలుగు చుట్లు, వేళ్ల సందుల్లోంచి ఒక్కో చుట్టు వేసి, పట్టీ కొసను పళ్లతో పట్టి బిగిస్తారు. పోటీ రోజున గోడకు అంటించిన డ్రా కాగితం ముందు గుంపుగా నిలబడి తమ పేరుకు ఎదురుగా ఎవరి పేరుందో వేలితో వెతుక్కుంటారు. అక్కడ బేరం లేదు. అయితే ఒక అలవాటు ఇక్కడికీ పాకుతోంది. ఒకే బరువులో ఇద్దరు గట్టి కుర్రాళ్లు ఉంటే ఒకరిని తిండీ నీళ్లూ మాన్పించి కింది బరువుకు దించడం, తద్వారా రెండు పతకాలూ మనకే వస్తాయనుకోవడం. ఎదిగే పిల్లల ఒంటికి అది చేటు. పైగా, పక్కనున్నవాడితో తలపడక్కర్లేదని వారికి పదమూడేళ్లకే నేర్పినట్టవుతుంది. జిల్లా ఎంపికల నిర్వాహకులు దీన్ని ఆపాలి. డ్రాను పిల్లల ముందే తీయాలి.

పత్రికలదీ ఇందులో తప్పుంది. ‘అజేయుడు’ అన్న మాటను పెద్ద అక్షరాల్లో అచ్చువేసి, ఓడినవారి పేరు వదిలేసిన సందర్భాలు మాకూ ఉన్నాయి. ఇక నుంచి జిల్లా బాక్సింగ్ ఫలితాలు ఇచ్చేటప్పుడు విజేత పేరు పక్కనే ఫైనల్లో ఓడినవారి పేరు, ఊరు, పాయింట్లు కూడా మా జిల్లా పేజీలో ప్రచురిస్తాం.