జీతం పెంచితే దేశం ఏమైపోవాలి?

కనీస వేతనం పెంచమని అడిగేవాళ్లకు దూరదృష్టి ఉండదు. నెలాఖరు దాకా మాత్రమే చూస్తారు. దేశ భవిష్యత్తు గురించి ఆలోచించే పెద్దలు వేరే ఉన్నారు. వాళ్ల జీతాలు ఈ చట్టం కిందికి రావు కాబట్టి వాళ్ల మాటలో స్వార్థం లేదని నమ్మవచ్చు.

నిలకడ అంటే ఏమిటో ఉగాండాను చూసి నేర్చుకోవాలి. అక్కడ 1984లో కనీస వేతనం నెలకు 6,000 షిల్లింగులని ఖరారు చేశారు. ఇప్పటి డాలర్లలో అది రెండు కూడా కాదు, అదీ నెల మొత్తానికి. 2019లో పార్లమెంటు తొందరపడి కొత్త బిల్లు ఆమోదించింది. అధ్యక్షుడు ముసెవెని సంతకం పెట్టలేదు. మూడున్నర దశాబ్దాల నిలకడకు త్రుటిలో గండం తప్పింది.

ఇథియోపియాది ఇంకో పద్ధతి. ప్రైవేటు రంగానికి కనీస వేతనమే పెట్టకుండా చాలాకాలం నెట్టుకొచ్చింది. లేని చట్టాన్ని ఎవరు మాత్రం ఉల్లంఘిస్తారు?

బంగ్లాదేశ్ అంత అదృష్టానికి నోచుకోలేదు. అక్కడ వేతన బోర్డు ఉంది. 2023లో గార్మెంట్ కార్మికులు 23,000 టాకాలు అడిగారు, యజమానులు మొదట 10,400 అన్నారు, చివరికి 12,500 దగ్గర తేల్చారు. దీన్నే మధ్యేమార్గం అంటారు. అంతకుముందు పెంచింది 2018లో. ఈలోగా ధరలు మాత్రం బోర్డు ఎప్పుడు కూర్చుంటుందా అని ఆగలేదు. వాటికి క్రమశిక్షణ తక్కువ.

ఎంత పెంచుదామన్నా ఒకటే టెన్షన్: ఫ్యాక్టరీలు పక్క దేశానికి పోతాయని. పక్క దేశంలో మంత్రులు కూడా ఇదే మాట చెప్పి పెంచడం మానేస్తారు, వాళ్ల భయం మన మీద. ఇరుగుపొరుగు దేశాల మధ్య ఇంత ఏకాభిప్రాయం సరిహద్దు చర్చల్లో ఎన్నడూ కనిపించదు.

అయినా ఇంత గొడవ దేనికి? ప్రపంచంలో పనిచేసేవాళ్లలో 60 శాతానికి పైగా అసంఘటిత రంగంలోనే ఉన్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్క తేల్చింది. వాళ్లకు కనీస వేతనం నేతి బీరకాయలో నెయ్యి. వాళ్ల దగ్గరికి ఏ లేబర్ ఇన్‌స్పెక్టరూ రాడు. మరి ఎలాగూ ఇవ్వని జీతాన్ని కాగితం మీద పెంచడానికి కూడా యజమానులు ఎందుకు ఒప్పుకోరని మీకు అనుమానం రావచ్చు. కారణం ఉంది. బ్రెజిల్‌లో కనీస వేతనం పెంచినప్పుడు, చట్టం చేరని పనివాళ్ల జీతాలు కూడా దాని వెంటే పెరగడం ఆర్థికవేత్తలు గమనించారు. అంకె చెవిన పడితే చాలు, అడగడం మొదలుపెడతారు.